రెండో గొట్టం

"ఈయన దొంగచాటుగా సిగరెట్లు కాలుస్తున్నారమ్మా. ఇల్లంతా కంపు. అడిగితే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారు," అంది టైలరు భార్య, లవంగం నములుతూ.

ఆయాసపడుతూనే టైలరు నవ్వాడు.

డాక్టరమ్మ రిపోర్టు తెరిచింది. పోయిన వారం ఇద్దరి ముక్కుల్లోంచీ బ్రష్‌తో కణాలు తీసి, చెరో గాజు గొట్టంలో వేసి పరీక్షకి పంపింది. ఆయనవి జబ్బు కోసం, ఆవిడవి పక్కన పెట్టి పోల్చడానికి.

"పొగ తగిలితే మేలుకునే జీన్లు కొన్నుంటాయండీ. తాతగారి గొట్టంలో అవి గుర్రుపెట్టి నిద్రపోతున్నాయి. ఆయన మానేసి ఏళ్లయింది."

"మరి ఇంట్లో ఆ కంపు?"

"రెండో గొట్టంలోవి మాత్రం రెప్ప వాల్చడం లేదు, బామ్మగారూ."

ఆవిడ దవడ ఆగిపోయింది.

"గొట్టాలు తారుమారై ఉంటాయి. కాల్చింది నేనే," అన్నాడు టైలరు గబుక్కున.

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

"నీ శాలువాకి పడ్డ నిప్పు చిల్లులు ఎవరు రఫూ చేశారనుకున్నావు?"

"మరి ఇన్నేళ్లూ నాచేత తిట్లెందుకు తిన్నారు?"

"మానడం ఎంత కష్టమో తెలిసినవాణ్ణి. తిట్లు తినడం దానికంటే తేలిక," అంటూనే దగ్గాడు.

ఆ దగ్గు ఆగేదాకా ఆవిడ ఆయన వీపు నిమిరింది. తర్వాత సంచిలోంచి లవంగాల డబ్బా తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

"ఇక వీటితో పని లేదమ్మా."