వెనక తలుపు

భద్రమ్మను చంపింది సారంగపాణి. హన్మకొండ చౌరస్తా నుంచి యాత్రలకు పోయే ప్రతి బస్సు డ్రైవరుకూ కట్టయ్య ఎనిమిదేళ్లుగా ఈ మాట చెబుతూనే ఉన్నాడు. వాళ్లు ఇప్పుడు తలూపడం కూడా మానేశారు.

ఆ పొద్దున కాశీకి బస్సు తయారవుతోంది. నెల రోజుల ప్రయాణం. వంటా పడకా అన్నీ అందులోనే. సీట్లు సగం పీకేసి పడుకోవడానికి బల్లలు కొట్టారు. ముందు తలుపు పక్కనే రెండు కిరసనాయిలు స్టవ్వులు, పైన గిన్నెలకు ఒక అర. కట్టయ్య ఎవరినీ అడగకుండానే ఎక్కాడు.

"వచ్చిండు ఎర్రడబ్బా కాక," అన్నాడు డ్రైవర్ ఎల్లస్వామి అద్దం తుడుస్తూ. "ఆర్టీవో అన్న ఇడిసిపెడ్తడు గని ఈయన ఇడువడు."

కట్టయ్య నవ్వలేదు. మంటలార్పే ఎర్ర సిలిండరును కొక్కెం మీంచి దించి బరువు చూశాడు. మెడకు కట్టిన చీటీ మీద తారీఖు చదివాడు.

"ఇది నింపి రెండేండ్లాయె."

"ఎన్నడు వాడలే కాకా. నిండుగనే ఉంటది."

"వాడకున్నా పాడైతది. మార్పియ్యి."

ఇసుక బకెట్లో చెయ్యి పెట్టి కెలికాడు. రెండు బీడీ ముక్కలు దొరికాయి. వాటిని తీసి డ్రైవరు సీటు మీద పెట్టాడు.

"గది నేను కూసునే జాగ కాకా."

"అందుకే పెట్టిన."

స్టవ్వులు కదలకుండా బిగించారో లేదో చూడడానికి వంగాడు. చొక్కా పైకి జరిగింది. మొలతాడుకు కట్టిన చిన్న ఇత్తడి తాళంచెవి ఎల్లస్వామి కంట పడింది.

"ఏందే కాకా, బంగారం ఏడన్న దాసినవా?"

"మా ఇంటిదాని పెట్టె తాళానిది. పెట్టె కాలిపోయింది. ఇది మిగిలింది."

ఎల్లస్వామి మళ్లీ అద్దం వైపు తిరిగాడు.

కట్టయ్య చివరికి పోయి వెనక తలుపు నెట్టాడు. కదల్లేదు. భుజంతో నెట్టాడు. బయట గొళ్ళెం చప్పుడైంది.

"తాళమేసినవా?"

"సామాన్లు పోతున్నయి కాకా. నిరుడు ఓ ముసలమ్మ మూట ఎత్కపోయిండ్రు."

"పోతే పోనియ్యి. గోదారి యాత్రల మాది ఇత్తడి బిందె పోయింది. నా పెండ్లినాటి బిందె. పోతే ఏమైంది? తాళం తియ్యి."

"బయల్దేరేటప్పుడు తీస్త తియ్యి."

"ఇప్పుడు తియ్యి."

ఎల్లస్వామి దిగి తాళం తీశాడు. తలుపు తెరుచుకుని ఎండ లోపలికొచ్చింది. కట్టయ్య దాన్ని మూడుసార్లు మూసి, మూడుసార్లు తెరిచాడు.

ఎనిమిదేళ్ల కింద ఇలాంటి బస్సే గోదావరి ఒడ్డున ఆగింది. అందరూ స్నానాలకు దిగారు. జ్వరంతో ఒళ్లు కాలుతోందని కట్టయ్య భార్య భద్రమ్మ ఒక్కతే లోపల ఉండి స్టవ్వు మీద అన్నం పెట్టింది. స్టవ్వు భగ్గుమంది. ముందు తలుపు మంటలో ఉంది. ఆమె వెనక తలుపు దగ్గరికైతే చేరింది. దానికి బయట తాళం. జనం పరుగెత్తుకొచ్చి రాయితో కొడితే గొళ్ళెం తెగింది. తాళం తెరుచుకోలేదు. అప్పటికే ఆలస్యమైంది. తాళం వేసింది డ్రైవరేనని కోర్టులో కట్టయ్య సాక్ష్యం చెప్పాడు. సారంగపాణికి రెండేళ్ల జైలు పడింది. లైసెన్సు పోయింది.

కట్టయ్య బస్సు దిగుతుంటే ఒకతను సైకిల్ స్టాండు వేసి ఎదురొచ్చాడు. చెమటతో అంగీ వీపుకు అంటుకుపోయింది.

"పెద్దయ్యా, నేను సారంగపాణి కొడుకును. భాస్కర్."

కట్టయ్య పక్కకు జరిగి నడిచాడు. భాస్కర్ వెంట పడ్డాడు.

"నాయిన దవాఖానల ఉన్నడు. పొద్దు గూకేదాక ఉంటే ఎక్కువన్నరు."

"నేనేం జెయ్యాలె? నాకు వైద్యమొస్తదా?"

"నువ్వు వస్తె సాలంటాండు. తాళం నేను వెయ్యలేదు, కట్టయ్య ఒక్కడు నమ్మితె సాలు, నిమ్మలంగ పోత అంటాండు."

"కోర్టు నమ్మలే."

"కోర్టు నీ మాటను నమ్మింది పెద్దయ్యా."

కట్టయ్య నిలబడిపోయాడు. భాస్కర్ సంచిలోంచి గుడ్డ మూట తీసి విప్పాడు. నల్లగా కమిలిన తాళం. దాని కొండికి తెగిన గొళ్ళెం ముక్క ఇంకా వేలాడుతోంది.

"డ్రైవర్‌దే అని కేసు అయినంక మాకే ఇచ్చిండ్రు. నాయిన దీనికి నూనె పోసుకుంట, బజార్ల దొరికిన చెవినల్లా పెట్టి చూసిండు. ఎన్నడు తెరుచుకోలే. ఇది నీకియ్యుమన్నడు. మందిని దించి బస్సు దిక్కు ఒక్కసారి తిరిగి చూడకపోవుడు నా తప్పే, ఆ తప్పు ఒప్పుకుంట, తాళం మటుకు నాది గాదు అని చెప్పుమన్నడు."

కట్టయ్య తాళం అందుకున్నాడు. బరువు చూశాడు, ఎర్ర సిలిండరును చూసినట్టే.

"వస్తవా పెద్దయ్యా? సైకిల్ మీద కూసోబెట్టుకుని తోల్కపోత."

"రాను."

"ఒక్క మాట చెప్పి పంపు. నీ నోట ఏ మాటైనా సరే."

"ఆ తలుపు ముచ్చట నేను ఇగ ఎత్తను. సచ్చేదాక ఎత్తను. ఎవలడిగినా చెప్పను. నువ్వు సుత నన్ను అడుగకు."

 భాస్కర్ స్టాండు తీసి, సైకిల్ ఎక్కకుండానే నడిపించుకుంటూ పోయాడు.

కట్టయ్య బస్సు వెనక్కి వచ్చాడు. తెరిచి ఉన్న తలుపు కింద మెట్టు మీద కూర్చున్నాడు. ముందు ఎల్లస్వామి ఇంజన్ స్టార్టు చేసి ఆపాడు. కట్టయ్య చొక్కా పైకెత్తి మొలతాడు ముడి విప్పాడు.

తాళం ఒక్క తిప్పుకే తెరుచుకుంది.