గొడుగు రాట్నం

"దానికి తగిలించకు. నీ సేతులకి తగిలించుకో," అంది దాలమ్మ, కట్టగా మడిచిన నూలు చిలపను గుండెలకు అదుముకుని.

బైరాగి గుడ్డ ఊడదీసిన పాత గొడుగును విప్పి, దాని కాడను ఇసుక డబ్బాలో పాతిన ఇనప గొట్టంలోకి దింపాడు. చువ్వను వేలితో తాకితే చాలు, గిరగిరా తిరుగుతోంది. పక్కనే పీటకు బిగించిన సైకిలు పెడలు, దానికి చైను, చైను చివర కోనుగా చెక్కిన కర్రమొద్దు. మొద్దుకు అట్ట కోను తొడిగి పెడలు చేత్తో తిప్పితే, గొడుగు మీది నూలు నడిచొచ్చి కోనుకు చుట్టుకుంటుంది.

బెంగాల్లోని మెటియాబ్రుజ్‌లో స్వెట్టర్ల కార్ఖానా నడిపే, అందరూ ఓస్తాగర్ అని పిలిచే యజమాని దగ్గర చిలపలు తెచ్చి, కోనులు చుట్టి ఇవ్వడం దాలమ్మ పని. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు రెండు చేతులూ చాచి చిలపను పట్టుకుని కూర్చోవాలి. రెండోవాళ్ళు ఎదురుగా కూర్చుని చుట్టాలి. ఓడల డాక్ నుంచి, కూలిపని ముగించి వచ్చాక రోజూ ఆ చాచిన చేతులు బైరాగివి.

చేతుల నొప్పి అతనికో లెక్క కాదు. కొడుకు మల్లేశు పోయిన దగ్గర్నుంచీ పెళ్ళాం ముఖం చూడలేకపోతున్నాడు. ఆ కళ్ళు అచ్చం వాడివే. గోడవైపు తిరిగి తింటాడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. చిలప చేతులకు పడిందంటే మాత్రం ఎటూ తిరగడానికి లేదు. ఆమె మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి కూర్చుని, చుడుతూ చుడుతూ వాడి కబుర్లే చెబుతుంది. చేప తలకాయ కోసం ఎలా పేచీ పెట్టేవాడో, రాష్ట్రం కాని రాష్ట్రంలో బెంగాలీ పిల్లలకు తెలుగు తిట్లు ఎలా నేర్పాడో. ఇతను పళ్ళబిగువున వింటాడు. ఎప్పుడైనా ఒక ఊ అంటాడు.

అందుకే ఈ గొడుగు. ఆమెకు మాత్రం నీ నడుం నొప్పి కోసమని చెప్పాడు.

ఆమె వంకలు పెడుతూనే ఉంది. నూలు చువ్వ మొనకు తగులుకుని తెగిందంటే, సైకిలు ట్యూబు ముక్కలు కోసి మొనలకు తొడిగాడు. చుట్టు బిగిసిపోతోంది, మిషను మీద తెగిపోతోందని ఓస్తాగర్ కసురుతున్నాడంది. నూలు దూరి వచ్చే పిన్నీసును ఎడంగా జరిపి బిగువు సడలించాడు. కోను జారుతోందంటే మొద్దుకు గుడ్డపీలిక చుట్టాడు. చప్పుడంటే చైనుకు కొబ్బరినూనె పూశాడు. బస్తీవాళ్ళు వచ్చి చూసి, ఇంతా చేసి మోటారు పెట్టకపోయావా బైరాగి దాదా అన్నారు. లోడ్‌షెడ్డింగుకు మోటారూ మనలాగే కూర్చుంటుందని మళ్ళీ వాళ్ళే నవ్వారు. నవ్వనిది దాలమ్మ ఒక్కతే.

ఇవాళ బంద్. డాక్ గేట్లు మూశారు. పొద్దున్నే రాట్నం ముందేసుకున్నాడు బైరాగి.

"ఏటయ్యా, నానేటి తప్పు సేసినాను?" అంది దాలమ్మ.

"తప్పేటే. నీ నడుం కోసం."

"నా నడుం బాగానే ఉంది. కాసేపు నా ఎదర కూకోలేవేటి?"

"నీకు పనవ్వాలా, నాను కూకోవాలా?"

ఆమె చిలపను మంచం మీద పెట్టి బిందె తీసుకుంది. గుమ్మంలో ఆగి, నానొచ్చిందాకా ముట్టుకోకు అని కుళాయికి వెళ్ళింది.

బంద్ రోజున కుళాయి దగ్గర జనం ఎక్కువ. బైరాగి చిలప దులిపి గొడుగుకు తొడిగాడు. కొస పిన్నీసులోంచి లాగి కోనుకు తగిలించి పెడలు తిప్పాడు. గొడుగు మెత్తగా తిరిగింది. ఒక్క పోగు తెగలేదు, ఒక్క చుట్టు జారలేదు. చూస్తుండగానే చిలపంతా కోనయి కూర్చుంది. అతనికి ప్రాణం తెరిపిన పడింది. ఆమె వస్తే మళ్ళీ ఒక వంక. ముందే ఓస్తాగర్‌తో బాగుందనిపించుకుంటే రేపటి నుంచి ఎవరి ఎదుటా కూర్చోనక్కర్లేదు. కోనును గమ్‌ఛా తువ్వాల్లో చుట్టి బయల్దేరాడు.

ఓస్తాగర్ కార్ఖానా షట్టరు సగం దించి లోపల బీడీ కాలుస్తున్నాడు. కోను తిప్పి చూసి, ఇంత సాపుగా ఎవరు చుట్టారని అడిగాడు. బైరాగి చెప్పాడు. గొడుగు సంగతి, ట్యూబు ముక్కలు, పిన్నీసు, అన్నీ. కొడుకు పోయాక అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడింది అక్కడే. ఇకమీదట ఎంత పనైనా ఇమ్మన్నాడు.

ఓస్తాగర్ నూలు కొస లాగి వేళ్ళ మధ్య నలిపాడు. నూగు లేచిపోయి, పీచుపీచుగా ఉంది. ఇదెక్కడిదన్నాడు.

నువ్విచ్చిందే అన్నాడు బైరాగి.

ఓస్తాగర్ బీడీ పక్కన పెట్టాడు. వచ్చీరాని హిందీలో, నెమ్మదిగా, తప్పు తనదైనట్టు చెప్పాడు.

"మిల్లు నుంచే కోనులు వస్తున్నాయి దాదా. చిలపలివ్వడం వానల ముందే మానేశాను. ఈ ఆఖరిది దీదీ బతిమాలి పట్టుకెళ్ళింది. పగలు విప్పుకుంటాను, సాయంత్రం చుట్టుకుంటాను, ఇది చేతులకు లేకపోతే మా ఆయన నా ఎదుట కూర్చోడు అంది."