లీటరుకి ఎనిమిదిన్నర

వ్యాను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరితోట. ఐనవిల్లి ఇంకా దూరం.

"ఎనిమిదిన్నరండి," అన్నాడు మీటరు చూసి, ముందు సీట్లో ఉన్న ఖాకీ చొక్కా మనిషి.

అచ్చయమ్మకి గుండె జారింది.

పొద్దున్న ఇదే వ్యాను, ఇదే రోడ్డు మీద, ఇలాగే లీటరు పెట్రోలుతో ఐనవిల్లి దాటి మరీ వెళ్ళింది. పద్నాలుగు కిలోమీటర్లు.

అచ్చయమ్మ హరికథలు చెబుతుంది. మృదంగం భర్త శరభయ్యది. కథ చెప్పినంతసేపూ ఆవిడ మహారాణి. కథ అయ్యాక పడక ఏ బడి అరుగు మీదో.

పోయిన వేసవిలో పార్వతీపురం దగ్గర అలాంటి అరుగు మీదే గాలివానకి తడిసి, మూడేళ్ళ కూతురు రాజ్యానికి నిమ్ము చేసింది. పిల్ల దక్కడమే గొప్ప.

ఇక పడుకుంటే మన కప్పు కిందే పడుకోవాలని ఆ రోజే అనుకున్నారు మొగుడూ పెళ్ళాం.

ఈ మాఘమాసంలో, అంటే ఎనభై మూడులో, అమలాపురంలో ఓ వ్యాను అమ్మకానికి ఉందని తెలిసింది. యాత్రలకి తిప్పిన బండి. వెనక రెండు బల్లపడకలు, స్టవ్వుకి ఓ అర, నీళ్ళ డ్రమ్ము, కిటికీలకి పువ్వుల తెరలు.

ఆ తెరలు చూసే అచ్చయమ్మ సగం పడిపోయింది.

శ్రీరామనవమి నుంచి అనకాపల్లి మొదలు ఇచ్ఛాపురం దాకా ఇరవై రెండు కథలు ఒప్పుకున్నారు. బండి చెప్పినంత మైలేజీ ఇస్తే సరే. ఇవ్వకపోతే దాన్ని అమ్ముకుని మళ్ళీ అరుగుల మీదికే.

"ఓనరుగారు ఊళ్ళో లేరండి, అంతా నాదే పూచీ," అన్నాడు బ్రోకరు దుర్గారావు. ట్యాంకు గొట్టం ఊడదీసి, ఇంజనుకి లీటరు పెట్రోలు సీసా తగిలించి, ఆగేదాకా నడిపి చూపించాడు.

శరభయ్య బయానా తీస్తూ ఉండగా, బండి తుడుస్తున్న ఖాకీ చొక్కా మనిషి అడ్డం వచ్చాడు.

"అది ఖాళీ బండి లెక్కండి. మీరు సంసారం ఎక్కిస్తారు కదండీ. ఎక్కించి చూసుకోండి."

డ్రమ్ము నింపించాడు. ట్రంకుపెట్టెలు, పరుపులు, మృదంగం, పిల్లతో సహా అందరినీ ఎక్కించాడు.

"మన కోనసీమలో ఎత్తంటే ఏటిగట్టేనండి. మీరెళ్ళేది కొండల వైపు," అంటూ రెండుసార్లు గట్టు ఎక్కించి దింపించాడు.

తేలింది ఎనిమిదిన్నర.

దుర్గారావు పళ్ళు నూరుకున్నాడు గానీ నోరెత్తి ఒక్క మాట అనలేదు.

"సాలూరు ఘాటు ఎక్కితే ఏడేనండి," అన్నాడు ఆ మనిషి.

"అయితే మా గతేంటి?" అంది అచ్చయమ్మ.

"రావులపాలెంలో ఓ డీజిలు వ్యాను ఉందండి. చిన్నది. చప్పుడెక్కువ, చూపుకి బాగోదు. సామాను వేసినా పన్నెండుకి తగ్గదండి."

ఓహో, ఇదా సంగతి అనుకుంది అచ్చయమ్మ.

"ఏమయ్యా, ఆ డీజిలు బండివాడు నీకెంత ముట్టజెప్పేడు? ఇక్కడ జీతం తీసుకుంటా అక్కడి బేరం కుదురుస్తన్నావా?"

"ఊరుకోవే," అన్నాడు శరభయ్య.

ఆ మనిషి ముఖం ఎర్రబడింది.

"అలాగే అనుకోండమ్మా. ఈ బండి మటుకు కొనకండి."

వాళ్ళు డీజిలు వ్యానే కొన్నారు. అచ్చయమ్మ ఆ మనిషికి వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు.

చప్పుడు మాత్రం అచ్చం పిండిమర చప్పుడే. కానీ టెక్కలి వెళ్ళినా, పలాస వెళ్ళినా పన్నెండుకి తగ్గలేదు. ఓ మధ్యాహ్నం మందస దారిలో బంకు మూసేసి ఉంటే, ఉన్న డీజిలుతోనే కథ వేళకి చేరుకున్నారు.

ఆ దారిలోనే కుండపోత వాన. లోపల రాజ్యం నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది.

పిల్లని చూస్తూ అచ్చయమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఆ మహానుభావుడి పేరైనా అడగలేదండీ మనం. పైగా నానా మాటలూ అన్నాను."

అప్పటినుంచీ ఏ ఊళ్ళో కథ చెప్పినా, మంగళం పాడాక ఆవిడ ఒక మాట అనేది. "మా పిల్లకి నీడ చూపించిన ఆ ఖాకీ చొక్కా అన్నయ్య చల్లగా ఉండాలి." ఆ అన్నయ్య ఎవరో జనానికి అర్థమయ్యేది కాదు. ఆవిడకీ అంతకన్నా తెలియదు.

రెండేళ్ళు గడిచాయి. మురమళ్ళ వీరేశ్వరస్వామి గుడిలో కథ పెట్టారు. జనంలో బ్రోకరు దుర్గారావు కనిపించాడు.

మర్నాడు పొద్దున్నే కబురంపి పిలిపించింది. వ్యాను పక్కన పీట వేసి కాఫీ ఇచ్చింది. కొత్త పంచెల చాపు తీసి చూపించింది.

"ఇది ఆ ఖాకీ చొక్కా ఆయన చేతిలో పెట్టి దణ్ణం పెట్టుకోవాలి బాబూ. ఎక్కడుంటారు?"

"పోలయ్యగారా అండి? అస్సాం లారీల మీద తిరుగుతున్నారండి. ఇంటికి ఎప్పుడొస్తారో ఆయనకే తెలీదు."

"అంత దూరం అస్సామా?"

"ఆయ్. ఆ ఏడు కువైట్లో డ్రైవరు ఉద్యోగం ఖాయమైందండి. నలుగురు పిల్లలు, గట్టెక్కేద్దామనుకున్నారు. టిక్కెట్టుకి డబ్బు వేళకి అమరక ఆగిపోయేరు."

అచ్చయమ్మ మనసు చివుక్కుమంది.

"బేరం చెడగొట్టేరని ఆ వ్యాను ఓనరు గానీ పనిలోంచి తీసేశాడా ఏంటి?"

దుర్గారావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"తీసెయ్యడానికి వేరే ఓనరెవరండీ. ఓనరు ఊళ్ళో లేరని బేరం కోసం నేనే చెప్పేనండి. టిక్కెట్టు కోసం పోలయ్యగారు అమ్మకానికి పెట్టుకున్న సొంత బండేనండి అది."