మూడు ముక్కల అరబ్బీ

"గట్ల కాదు తమ్మీ! ఏడుసుకుంట అడిగితే ఎవ్వడియ్యడు. మల్ల చెప్పు."

బకెట్లో బట్టలు జాడిస్తున్న అప్పాజీ లేచి నిటారుగా నిలబడ్డాడు. "అర్బాబ్, మిన్ ఫద్లక్, ఇజాజా."

అయ్యా, దయచేసి, సెలవు. ఈ మూడు ముక్కలకే మూడు వారాలు పట్టింది. ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని ఆ గదిలో ఆరుగురుంటారు. అరబ్బీ వచ్చింది మాత్రం పదేళ్ళుగా గల్ఫులో ఉన్న బాలన్నకే. అప్పాజీ కోనసీమ నుంచి బహ్రెయిన్ వచ్చి ఏడాదైంది. పార పట్టేవాడికి పదమనే 'యల్లా', అయిపోయిందనే 'ఖలాస్' చాలనుకున్నాడు. ఇప్పుడవి చాలడం లేదు. భార్య నాగదుర్గను చూసి పద్నాలుగు నెలలైంది మరి.

"ఇంత తిప్పలెందుకు? నేనే వచ్చి అడుగుత," అన్నాడు బాలన్న.

"పోయిన్నెల అడిగావు కదా బాలన్నా. ఏవన్నాడు?"

"నువ్వెవ్వనివి, కావాల్సినోడే వచ్చి అడగాలె అన్నడు."

"మరింకేం? నేనే అడుగుతాను. నోరు తిరక్కపోతే తిరిగేదాకా తిప్పుతాను."

మర్నాడు డ్యూటీలో కాంక్రీటు కలుపుతూ అదే పాఠం. ఎండదెబ్బ గానీ తగిలిందేమోనని మేస్త్రీ పోశన్న వాడి నెత్తిన నీళ్ళు కుమ్మరించాడు. అప్పాజీ మొహం తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

సాయంత్రం, కూరగాయల వ్యాను నడిపే దేవన్న ఇచ్చి వెళ్ళిన క్యాసెట్టును టేప్‌రికార్డర్‌లో వేశాడు. నాగదుర్గ గొంతు గుసగుసగా వచ్చింది.

"మావా, బాగున్నావా? పిల్లలు పడుకున్నారు. ముసలమ్మకి కాళ్ళు పట్టి ఇప్పుడే వచ్చాను. గట్టిగా మాట్లాడితే ఆవిడకి మెలకువొచ్చేద్ది. దొడ్లో టమాటాలు ఇరగగాసినయ్ మావా. కోసినప్పుడల్లా నువ్వే గుర్తొస్తన్నావు. ఈసారైనా సెలవు దొరుకుద్దా?"

"ముసలామె మంచిదేనా?" అడిగాడు బాలన్న.

"మంచిదే. కాపోతే దుర్గ లేందే ఆవిడకి పూట గడవదు." అప్పాజీకి ఏడుపొచ్చింది. క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు.

శుక్రవారం గడ్డం గీసుకుని, బాలన్న ఇస్త్రీ చొక్కా అడిగి తొడుక్కున్నాడు. తోడొస్తానంటే వద్దని ఒక్కడే బస్సెక్కి బుదైయాలో దిగాడు. విల్లా గేటు దగ్గర బెల్లు నొక్కాడు. అర్బాబే వచ్చాడు.

 అప్పాజీకి మూడు ముక్కల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. తప్పయిపోయిందని దణ్ణం పెట్టి వెనక్కి తిరిగితే ఎంత హాయి! కానీ అతను కదల్లేదు. బకెట్టు ముందు నిలబడ్డట్టే నిటారుగా నిలబడి, కళ్ళు మూసుకుని అనేశాడు.

"అర్బాబ్, మిన్ ఫద్లక్, ఇజాజా."

అర్బాబ్ అతన్ని ఎగాదిగా చూశాడు. "కమ్ యోమ్?" అన్నాడు. ఎన్ని రోజులని.

ఇది బాలన్న నేర్పని పాఠం. అయినా అప్పాజీకి అర్థమైంది. ఒక్క వేలు చూపించాడు.

అర్బాబ్ కాసేపు గడ్డం నిమురుకున్నాడు.

తర్వాత వంటింటి వైపు తిరిగి, "నాగదుర్గా!" అని కేకేశాడు.