తెల్లపెట్టెకు నీడ

శీనమ్మ స్ట్రాబెర్రీ మొక్కల మీద కప్పిన తాటాకులను రామనారాయణ సారు ఒక్కొక్కటే పీకి గట్టు మీదికి విసిరేస్తున్నాడు.

"ఏంది సారూ ఇది! మాడిపోతాయని పొద్దున్నే కప్పినాను. నాలుగు నెలలుగా బిడ్డల మాదిరి సాకినాను ఈ మొక్కల్ని." శీనమ్మ అడ్డం వచ్చి నిలబడింది.

"కప్పొద్దని మొదటే చెప్పాను కదమ్మా."

"చెప్పినావులే. నీ పెట్టెకు మాత్రం చెక్కల కప్పు వేసుకున్నావే. దానికి నీడ కావాల, నా మొక్కలకు వద్దా?"

చేను మధ్యలో నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది ఆ తెల్లపెట్టె. ఎండ ఎంత కాసిందో అందులోని ముల్లు కాగితం మీద గీత గీస్తుంది. సారు వారానికోసారి ఆత్మకూరులోని పంటల పరిశోధన కేంద్రం నుంచి జీపులో వచ్చి ఆ కాగితం మార్చుకుని పోతాడు. స్ట్రాబెర్రీ బాగా పండితే ఉదయగిరి చుట్టూ ఇదే పంట వేయిస్తారని అందరూ అనుకున్నారు. అందుకే ఈ ఏడు మిరప మానుకుని పావెకరా ఇచ్చారు శీనమ్మా, ఆమె మొగుడు ఓబయ్యా.

"ఊరుకో మే. సారు చదువుకున్నోడు," అన్నాడు ఓబయ్య.

"చదువుకున్నోడికి ఎండిన మొక్క కనపడదా? ఈ వరసలో పదకొండు పోయినాయి. కాసిన మూడు పండ్లూ డబ్బాలో పెట్టుకుని పోయినాడు. మనం రుచి కూడా చూళ్ళేదు!"

సారు వంగి ఎండిన మొక్కలు లెక్కపెట్టాడు. పుస్తకంలో రాసుకుని, తృప్తిగా నవ్వాడు.

శీనమ్మకు ఒళ్ళు మండిపోయింది. "మొక్కలు చస్తే నవ్వుతావా! రేపటి నుంచి నీళ్ళు మొయ్యను పో."

"అయ్యో, నీళ్ళు ఆపొద్దు. నీళ్ళు లేక చస్తే మాకు లెక్కలోకి రాదు. ఎండకే చావాలి."

ఓబయ్య తెల్లబోయాడు. "చావాలనే నాటినారా సారూ?"

"ఏ రకం ఎంత ఎండకు తట్టుకుంటుందో చూడాలి కదయ్యా. ఇవి పండేది చలి ఊళ్ళల్లో. ఇంకో యాభై ఏళ్ళకు అక్కడ కూడా ఎండలు ముదురుతాయంటున్నారు. అక్కడి రైతులు నష్టపోకూడదు. ఆ ఎండ మీ ఊళ్ళో ఇప్పుడే ఉంది. అందుకే ఇక్కడికొచ్చాం."

శీనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మరి ఆ యాభై ఏళ్ళకు మా ఊళ్ళో ఎంత కాస్తుంది సారూ?"

సారు పెట్టెకు తాళం వేస్తూ, "అది మమ్మల్ని చూడమనలేదమ్మా," అన్నాడు.