ఎనిమిదో చుక్క

పరీక్ష మందు పన్నెండో చుక్క పడితే గానీ గాజు సీసాలో నీళ్ళ నీలం పసుపు కాలేదు.

ఎనిమిదో చుక్కకే మారాలి. పన్నెండంటే తొట్టె నీటిలో క్షారం ఒకటిన్నర రెట్లయిందన్నమాట. కోడలు సీసాను కిటికీ దగ్గర పెట్టి మళ్ళీ చూసింది. పసుపే. అప్పుడే తెల్లవారుతోంది. పక్క గదిలో అత్తగారు ఇంకా లేవలేదు.

కోడలు ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఊరందరి రక్తంలో ఉప్పెంతో, చక్కెరెంతో తేల్చి సంతకం పెట్టే మనిషి. ఇంట్లో ఉన్న నాలుగడుగుల ఉప్పునీటి తొట్టె మాత్రం ఆమెకు అంతు చిక్కడం లేదు.

తొట్టె భర్తది. పదకొండేళ్ళ క్రితం బొటనవేలి గోరంత పగడపు ముక్కను ప్లాస్టిక్ సంచిలో తెచ్చి రాతికి అతికించాడు. ఇప్పుడది రెండు దోసిళ్ళంత అయింది. వంకాయ రంగు కొమ్మలు. చుట్టూ చిన్నవి మరో పది. పగడం ఎముక కట్టుకోవడానికి నీటిలోని క్షారాన్ని పీల్చుకుంటుంది. పీల్చుకున్నంతా రోజూ తిరిగి కలపాలి; మించితే మాత్రం చచ్చిపోతుంది. అతను చెంచాడు వంటసోడా గ్లాసు నీళ్ళలో కరిగించి తొట్టెలోకి సన్నటి ధారగా పోసేవాడు.

"పెద్దాయనకి కాఫీ ఇచ్చొస్తా" అనేవాడు, ఆ పెద్ద పగడాన్ని చూపిస్తూ.

నాలుగు నెలల క్రితం అతను పోయాడు. పిల్లలు లేరు. అతని చేతుల మీద పెరిగి, ఇంకా పెరుగుతున్నది ఆ ఇంట్లో అదొక్కటే. అది కూడా పోతే ఏమిటన్నది ఆమె ఆలోచించదలచుకోలేదు.

మొదట్లో డ్యూటీ నుంచి రాగానే, చెప్పులు విడిచి, సోడా కలిపేది. ఒక సాయంత్రం అత్తగారు కుర్చీలోంచి దిగ్గున లేచింది.

"అచ్చం వాడిలాగే తిప్పుతావేంటే ఆ గ్లాసు! నా కళ్ళ ముందు ఆ నీళ్ళ పని పెట్టుకోకు. చూడలేను."

కోడలు గ్లాసు కడిగి బోర్లించింది. మర్నాటి నుంచి అత్తగారు లేవకముందే పని కానిచ్చి, సోడా పొట్లం తన బీరువాలో పెట్టుకునేది. వాళ్ళిద్దరి మధ్య ఆ తొట్టె మాట మళ్ళీ రాలేదు.

ఇప్పుడీ పన్నెండు.

"వెయ్యడం తగ్గించండి మేడమ్," అన్నాడు అక్వేరియం షాపతను ఫోన్లో.

సగం చెంచా చేసింది. తగ్గలేదు. పూర్తిగా మానేసింది. పదమూడు.

"అసలు వెయ్యడమే లేదండీ. అయినా పెరుగుతోంది."

"వెయ్యకుండా పెరగడానికి అదేమన్నా వయసా మేడమ్? మీ టెస్ట్ కిట్ పాడైపోయుంటుంది."

కొత్త కిట్ కొంది. పదమూడే. సీసాలో నీళ్ళు పట్టుకుని షాపుకే వెళ్ళింది. అతనే చుక్కలు లెక్కపెట్టాడు. పదమూడో చుక్క దగ్గర ఆగి తల గోక్కున్నాడు.

"ఉప్పు కంపెనీ మార్చి చూడండి. లేకపోతే మీ రాళ్ళే కరుగుతున్నాయేమో."

ఉప్పు మార్చింది. తొట్టెలోంచి ఒక రాయి తీసి, కొత్త ఉప్పునీళ్ళు పోసిన బకెట్లో వేసి, తన గదిలో మంచం కింద పెట్టింది. వారం రోజులూ బకెట్లో ఎనిమిదే. రాయి తప్పు కాదు.

అత్తగారు చెల్లెలింటికి వెళ్ళిన ఆదివారం చూసుకుని, సగం నీళ్ళు మార్చింది. నడుము పడిపోయింది గానీ పదికి దిగింది. ఆ సాయంత్రం చాలా రోజులకి ఆకలేసింది.

బుధవారానికి మళ్ళీ పదమూడు.

చిన్న పగడాలు ముందు పోయాయి. కొసలు తెల్లబడేవి. తర్వాత చర్మం పొరలు పొరలుగా ఊడి, నీళ్ళలో నానిన కాగితంలా తేలేది. ఆమె జల్లి గరిటెతో తీసి పారేసేది. రోజుకొకటి. ఒక రోజు రెండు.

"అన్నం కెలకడం తప్ప తినడం లేదేం?" అంది అత్తగారు కంచం వైపు చూసి.

"ల్యాబ్‌లో పని ఎక్కువైందత్తయ్యా."

"ఊరి రక్తమంతా నువ్వే చూడాలేం? నీ ఒంట్లో బొట్టన్నా మిగిలిందో లేదో ముందు అది చూసుకో."

"మీరు మాత్రం ఏం తింటున్నారని?"

అత్తగారు మజ్జిగ ఆమె వైపు జరిపింది.

ఆ రాత్రికి తొట్టెలో పెద్దాయన ఒక్కడే మిగిలాడు. కొమ్మలన్నీ సున్నం కొట్టినట్టున్నాయి. మొదలు దగ్గర మాత్రం రెండు వేళ్ళ మేర వంకాయ రంగు ఉంది.

తెల్లారేసరికి అదీ లేదు.

ఆమె చుక్కలు లెక్కపెట్టలేదు. కిట్ పెట్టెలో పెట్టేసింది. ల్యాబ్‌కి ఫోన్ చేసి సెలవు చెప్పి, తొట్టె ముందు నేల మీద కూర్చుంది. పంపు మోటారు మాత్రం ఏమీ జరగనట్టు నీళ్ళు తిప్పుతోంది.

అత్తగారు లేచి వచ్చింది.

"డ్యూటీకి పోలేదేం?"

"తొట్టె తీసేద్దాం అత్తయ్యా. ఇంక మీకు ఆ బాధ ఉండదు. అన్నీ పోయాయి."

తిడుతుందనుకుంది. లేదా పీడా వదిలిందంటుందనుకుంది. అత్తగారు గోడ పట్టుకుని మెల్లగా దగ్గరికొచ్చి, వంగి, అద్దం మీద అరచెయ్యి ఆనించింది.

"పెద్దాయన కూడానా?"

"ఆయన కూడా."

"నిన్న మొదలు దగ్గర కాస్త రంగుందే!"

కోడలు తలెత్తి చూసింది.

"ఆ రోజు నేనన్న మాటకి నువ్వు పట్టించుకోవడం మానేశావనుకుని, నువ్వటు డ్యూటీకి వెళ్ళగానే రోజూ చెంచాడు సోడా నేనే కలిపి పోస్తున్నాను కదే తల్లీ!"