చాకిరేవు నుంచి కబురు

పెరటి గుమ్మం దాటి రాకూడని మనిషి, బేరగాళ్ళున్న వేళ తిన్నగా కొట్లోకే వచ్చింది.

నగరేశ్వరరావుకి ఒళ్ళు మండింది.

గజపతినగరంలో అతనిది బట్టల కొట్టు. ఇల్లు వెనకే. ఇంటి గుడ్డలు ఉతికే అసిరయ్యకి జ్వరమొస్తే బదులుగా ఈ తాతమ్మని పంపాడు. ఏ ఊరిదో ఎవరికీ తెలీదు.

"ఏటే?"

"అమ్మగోరి గుడ్డల సంగతి బాబు. పక్కకి రండి, సెప్తాను."

"ఇక్కడే సెప్పు."

ఆమె గొంతు తగ్గించింది. "ఈ వయసులో ముట్టేటి బాబు? అది ముట్టు కాదు. మాంసం కడిగిన నీల్లలాగున్నాది. సౌడేసి ఉడకబెట్టినా వాసన పోనేదు. పట్నం తీసుకెల్లి లేడీ డాక్టరుకి సూపించండి."

బేరగాళ్ళలో ఒకడు కిసుక్కుమన్నాడు. తల్లి ముట్టు సంగతి నలుగురిలో వినాల్సొచ్చిన కొడుక్కి ఇంకేం తలకెక్కుతుంది?

"గుడ్డలుతుక్కునే దానివి, నీకు వైద్యం ఎవడు నేర్పేడే? నడు."

"ఆలీసం సెయ్యకండి బాబు" అంది తాతమ్మ, మెట్టు దిగుతూ.

మర్నాడూ వచ్చింది. మూడోనాడు ఆమెకి మూట ఇవ్వొద్దని ఇంట్లో చెప్పేశాడు.

తల్లిని మాత్రం అడగలేదు. ఎలా అడుగుతాడు? ఆరేళ్ళ కిందట ఆగిన ముట్టు తిరిగొచ్చిందని భాగ్యవతి సిగ్గుతో చచ్చిపోతూ, ఆచారం తప్పకుండా పెరటి గదిలో చాప మీద కూర్చుంటోంది. మూడు రోజులు అయిదయ్యాయి, పదయ్యాయి. కోడలు గౌరి దూరం నుంచే కంచం జరిపేది. మడిబట్టంత భద్రంగా ఆ జబ్బుని దాచింది ఆ ఇల్లు.

అలా ఎనిమిది నెలలు గడిచేసరికి ఆవిడ లేవలేకపోయింది. అప్పుడు రైలెక్కించారు. యుద్ధం రోజులు, పెట్టెల నిండా సోల్జర్లు. చంపావతి వంతెన దాటుతుంటే ఇసుకలో ఆరేసిన గుడ్డలు కనిపించాయి. నగరేశ్వరరావు తల తిప్పుకున్నాడు. "ఆలీసం సెయ్యకండి" అన్న గొంతు విశాఖపట్నం దాకా అతన్ని వదల్లేదు.

ఆస్పత్రి మంచం మీద తల్లి చెయ్యి పట్టుకోబోయాడు.

ఆవిడ చెయ్యి లాక్కుంది. "తాకకు నాయనా. ఇంకా తలకి పోసుకోనేదు."

లేడీ డాక్టరు గర్భసంచి లోపలి పొర గీకి పరీక్షకి పంపింది. వారం తర్వాత అతన్ని పిలిచింది.

"లోపలి పొరలో పుట్టిన గడ్డ. చాలా అరుదైన రకం. ఇప్పుడు పొట్టంతా పాకిపోయింది. మొదట్లోనే తెస్తే సంచి తీసేసి, రేడియం పెట్టి చూసేవాళ్ళం. ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదా?"

అబద్ధమాడదామనుకున్నాడు. నోరు రాలేదు.

"తాతమ్మ అని ఒక చాకలామె సెప్పిందమ్మా. నేనే తరిమేశాను."

డాక్టరు చేతిలో కలం ఆగిపోయింది.

"కుడిచేతికి ఇత్తడి కడియం, మాట నెమ్మది. ఆవిడేనా?"

అతను తలూపాడు.

"ఏడేళ్ళ కిందట మరకలైన తన గుడ్డలే మూట కట్టుకుని, చూపించడానికి నా దగ్గరికొచ్చింది" అంది డాక్టరు. "ఈ గడ్డతో ఇక్కడ చేరినవాళ్ళలో, బతికి ఇంటికెళ్ళింది ఆవిడ ఒక్కతే."